పాత ఫిరంగుల గుర్తింపు: ఆధార పరిశీలన, భద్రతా విధి

దక్కను కోటల బురుజులపైనా, తీరాంధ్రపు పాత రేవుపట్టణాల్లోనూ కనిపించే ఫిరంగులు చరిత్ర రచనలో చాలాకాలం అలంకార వస్తువులుగానే మిగిలిపోయాయి. శిలాశాసనాన్ని చదివినంత శ్రద్ధతో ఫిరంగిని చదివే సంప్రదాయం ఏర్పడలేదు. ఏ రాజు ఫిరంగి, ఏ కాలానిది అన్న ప్రశ్నలకు స్థానిక ఐతిహ్యమే జవాబుగా నిలిచింది. ఫిరంగి కాలాన్ని ప్రధానంగా దాని శరీరమే చెప్పాలి. ఆ శరీరాన్ని సురక్షితంగా పరిశీలించడం పరిశోధన పద్ధతిలో భాగమే గాని అనుబంధం కాదు.

మొదటి చిక్కు పేరుతోనే వస్తుంది. ఐరోపావారిని సూచించే ‘ఫరంగీ’ అనే ఫారసీ శబ్దమే తెలుగులో ‘ఫిరంగి’ అయింది. ‘తోపు’ తుర్కీ మూలం గలది. ఇవి పదాల ప్రయాణాన్ని చెబుతాయి గాని వస్తువుల పుట్టుకను చెప్పవు. ఫిరంగి అని పిలిచినంత మాత్రాన అది ఐరోపాలో తయారైనదని భావించరాదు. దక్కనులోనూ మహాఫిరంగుల పోత సాగింది.

ఉన్నచోటు కూడా నమ్మదగిన సాక్షి కాదు. గోలకొండలో పెట్ల బురుజుపై ఉన్న ఫతే రహబర్, మూసా బురుజుపై ఉన్న అజ్దహా పైకర్ కుతుబ్‌షాహీల కోటలోనే ఉన్నా, వాటిమీది ఫారసీ లేఖనాలు ఔరంగజేబు పేరును చెబుతాయి. దాదాపు ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687లో కోట మొగలుల వశమైంది. కోటను కాపాడిన పక్షాన్ని గాక, గెలిచిన పక్షాన్ని ఈ ఫిరంగులు గుర్తుచేస్తాయి.

లేఖనం ఉన్నా తొందరపడరాదు. బీజాపూరులోని మాలిక్-ఎ-మైదాన్ 1549లో అహ్మద్‌నగరులో పోతపోసిన ఫిరంగి. 1686లో బీజాపూరును జయించాక ఔరంగజేబు దానిపై తన విజయలేఖనాన్ని చెక్కించాడు. ఆ ఒక్క లేఖనాన్నే చదివినవారు ఫిరంగి వయస్సును సుమారు 137 ఏళ్లు తగ్గించి చెప్పే ప్రమాదముంది. అందువల్ల పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చిన అక్షరాలను, తరువాత ఉలితో తొలిచిన అక్షరాలను వేరుగా నమోదు చేయాలి.

తయారీ విధానం మరొక ఆధారం. ఇనుప పట్టీలను పొడవుగా పేర్చి, వాటిపై కడియాలు బిగించి అతికినది ఒక రకం. కంచుతో పోతపోసినది ఒకటి. పోత ఇనుముతో చేసినది వేరొకటి. కడియాల అతుకులు, మూతి అంచు, రంజకపు రంధ్రం ఉన్న తీరు, బండిపై నిలపడానికి ఇరుపక్కల పొడుచుకొని ఉండే ఇరుసుమొనలు: వీటి కొలతలను విడివిడిగా తీసుకోవాలి. అయితే ఈ పద్ధతులు ఒకే కాలంలో పక్కపక్కనే సాగాయి కనుక తయారీ విధానం ఒక్కటే కాలనిర్ణయానికి చాలదు.

ఐరోపా ఫిరంగులపై ముద్రలు తోడ్పడతాయి. అల్లిన వీ, ఓ, సీ అక్షరాలు డచ్చి తూర్పు ఇండియా కంపెనీని, వెడల్పాటి బాణపు గుర్తు బ్రిటిషు ప్రభుత్వ ఆయుధశాఖను సూచిస్తాయి. బ్రిటిషు ఫిరంగులపై 24–2–14 వంటి మూడు అంకెల వరుస కనిపిస్తే అది తేదీ కాదు, బరువు. మొదటి అంకెను 112తో, రెండవదానిని 28తో గుణించి మూడవది కలిపితే 2,758 పౌన్లు, అంటే సుమారు 1,251 కిలోలు వస్తుంది.

ఇంత పరిశీలనకూ ముందు తేల్చవలసిన ప్రశ్న ఒకటుంది: ఫిరంగి బారుచేసి ఉన్నదా? సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన తుపాకిమందు కాలం గడిచినంత మాత్రాన నిర్వీర్యం కాదు. తడిసి ఆరిన మందు కూడా అంటుకోవచ్చు. న్యూయార్కులోని సెంట్రల్ పార్కులో ఏళ్ల తరబడి ప్రదర్శనలో ఉన్న పద్దెనిమిదో శతాబ్దపు ఫిరంగిని 2013 జనవరిలో శుభ్రం చేస్తుండగా లోపల గుండు, దట్టింపు పీచు, సుమారు 800 గ్రాముల మందు బయటపడ్డాయి. పోలీసులు ఆ మందును తొలగించారు.

కనుక నిపుణులు ధ్రువీకరించేవరకు ప్రతి పాత ఫిరంగినీ బారుచేసినదిగానే భావించాలి. మూతికి ఎదురుగా గాని వెనుక భాగాన గాని నిలవరాదు. వేడిచేయడం, తొలచడం, గీకడం, సుత్తితో కొట్టడం కూడదు. పరిశోధకుడు బయటి కొలతలతోనే ఆగాలి. లోపలి లోతును కొలిచి, మూతి నుంచి రంజకపు రంధ్రం వరకు ఉన్న బయటి పొడవుతో సరిచూడడం మందుగుండు నిర్వీర్య దళం పని. ఆ రెండింటి మధ్య తేడా ఉంటే లోపల ఏదో కూరుకొని ఉందని అర్థం. దగ్గర దొరికిన గుండ్లన్నీ గట్టివేనని అనుకోరాదు. మందు నింపిన బోలు గుండ్లు కూడా ఉంటాయి.

శాసన పరిశోధకులకు అలవాటైన అచ్చుతీత పద్ధతి ఇక్కడ పనికిరాదు. తడి కాగితం పరచి కుంచెతో బాదడం శిలకు తగినదే గాని, ఇనుముకు తేమ చేటు, బారుచేసిన ఫిరంగికి దెబ్బ చేటు. పక్కవాటు వెలుతురులో తీసిన ఛాయాచిత్రాలు, కొలతల చిత్రపటం చాలావరకు ఆ పని నెరవేరుస్తాయి. తుప్పు గీకితే పోతగుర్తులు, ఉలిజాడలు కూడా చెరిగిపోతాయి. ప్రాణానికి ముప్పు తెచ్చే ఆ పనే ఆధారాన్నీ నాశనం చేస్తుంది.

చట్టం కూడా ఇదే దారిని చూపుతుంది. భూమిలో దాగి దొరికిన విలువైన వస్తువును గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధినిక్షేపాల చట్టం చెబుతుంది. నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. అందువల్ల దొరికినచోటనే కదలకుండా ఉంచి, దిశను, లోతును, చుట్టూ ఉన్న మట్టిని నమోదు చేసి అధికారులకు తెలపడం పౌరధర్మమూ పరిశోధన ధర్మమూ అవుతుంది.

ఫిరంగి గర్భంలో మిగిలిన మందూ గుండూ కూడా చారిత్రకాధారాలే. బారుచేసి పేల్చని ఫిరంగి తన చివరి వినియోగ స్థితిని అట్లాగే నిలుపుకొని ఉంటుంది. అజాగ్రత్తగా తాకితే ఆ సాక్ష్యమూ సాక్షులూ కలిసే నశించవచ్చు. ఫిరంగుల విషయంలో జాగ్రత్త ప్రామాణికతకు మొదటి షరతు.