తాతగారి టోపీ

ఒక అధ్యక్షుని కొడుకో, మనుమడో, తమ్ముడో, భార్యో అదే పదవికి నిలబడితే అమెరికా ఓటరు ఓటు వేస్తాడా? ఎన్నికల సంవత్సరం వచ్చినప్పుడల్లా మన కుటుంబాలు నాలుగు కలిసిన చోట ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. సగంమంది "ఇదేమన్నా రాజరికమా అండీ, ఇక్కడ అటువంటివి సాగవు" అంటారు. తక్కినవారు "బుష్‌లు, కెనడీలు, క్లింటన్‌లు... ఏ దేశమయినా ఒకటే లెండి" అంటారు. రెండు మాటలూ తొందరపాటువేనని తోచి మేము పాత లెక్కలు కొంచెం తిరగవేశాము. వాటిలో కనబడిన ఒక సంగతి మమ్మల్ని ఆశ్చర్యపరచింది.

ఇప్పటివరకు ఈ దేశానికి అధ్యక్షులయినవారు 45 మంది. వారిలో తండ్రి గాని తాత గాని కూర్చున్న కుర్చీలో తామూ కూర్చున్నవారు ముగ్గురే: జాన్ క్విన్సీ ఆడమ్స్, బెంజమిన్ హారిసన్, జార్జి డబ్ల్యు. బుష్. ఈ ముగ్గురూ మొదటిసారి గెలిచిన 1824, 1888, 2000 ఎన్నికలలో ప్రజల ఓట్లు లెక్కిస్తే ఓడిన ప్రత్యర్థికే ఎక్కువ వచ్చాయి! తక్కువ ఓట్లు తెచ్చుకొని అధ్యక్షులయిన సందర్భాలు అమెరికా చరిత్రలో మొత్తం 5. తక్కిన రెండు 1876, 2016. అంటే అయిదింటిలో మూడు వారసులవే.

మొదటిది చూద్దాము. జాన్ క్విన్సీ ఆడమ్స్ అర్హతలేని కొడుకు కాడు. పదేళ్ళ వయసులో తండ్రి వెంట ఫ్రాన్సుకు ఓడ ఎక్కినవాడు. హాలెండు, ప్రష్యా, రష్యా, బ్రిటన్‌లలో రాయబారిగా పనిచేశాడు. మన్రో ప్రభుత్వంలో ఎనిమిదేళ్ళు విదేశాంగ మంత్రి. అటువంటివానికి 1824లో వచ్చిన ఎలక్టోరల్ ఓట్లు 84. అనాథగా పెరిగి సైన్యంలో పేరు తెచ్చుకొన్న ఆండ్రూ జాక్సన్‌కు 99. క్రాఫర్డుకు 41, హెన్రీ క్లేకు 37. కావలసినవి 131, ఎవరికీ రాలేదు. రాజ్యాంగం ప్రకారం నిర్ణయం ప్రతినిధుల సభకు వెళ్ళింది. అక్కడ రాష్ట్రానికి ఒక ఓటు. 1825 ఫిబ్రవరి 9న 24 రాష్ట్రాలలో 13 ఆడమ్స్‌కు వేశాయి. ఆయన వెనుక నిలిచినవాడు ఆ సభ స్పీకరు అయిన క్లే. కొద్ది రోజులకే క్లే విదేశాంగ మంత్రి అయినాడు. ఇది కుమ్మక్కు అని జాక్సన్ వర్గం నాలుగేళ్ళు ఊరూరా ఘోషించింది. 1828లో జాక్సన్‌కు 178, ఆడమ్స్‌కు 83. తండ్రి 1800లో రెండవసారి ఓడినట్లే కొడుకూ ఓడాడు. (ఆ తరువాత ఆయన చేసిన పని చాలామంది మాజీ అధ్యక్షులు చేయనిది. మామూలు సభ్యుడుగా ప్రతినిధుల సభకు వెళ్ళి, 1831 నుండి 1848లో చనిపోయేవరకు అక్కడే ఉండి, బానిసత్వానికి వ్యతిరేకంగా వచ్చిన అర్జీల నోరు నొక్కే నిబంధనపై పోరాడాడు. మా దృష్టిలో ఆయన కీర్తి అంతా అక్కడిదే.)

రెండవ కథ కొంచెం తమాషాగా ఉంటుంది. 1840లో విలియం హెన్రీ హారిసన్‌ను ఆయన పార్టీవారు దుంగల గుడిసెలో పుట్టిన సామాన్యుడుగా ప్రచారం చేశారు. నిజానికి ఆయన తండ్రి స్వాతంత్ర్య ప్రకటనపై సంతకం చేసిన పెద్దమనిషి, వర్జీనియా గవర్నరు. పుట్టినది పెద్ద ఎస్టేటులో. ఉన్న వంశాన్ని దాచుకొని గెలవటమన్నమాట! పదవిలో ఒక్క నెల ఉండి పోయాడు. 48 ఏళ్ళ తరువాత మనుమడు బెంజమిన్ నిలబడినప్పుడు వ్యవహారం తలక్రిందులయింది. షికాగో సభలో ఎనిమిదవ విడత ఓటింగులో గాని ఆయన పేరు ఖాయం కాలేదు. ఆ పైన తాతగారి టోపీ మనుమడికి సరిగ్గా సరిపోతుందని పార్టీవారు పాటలు కట్టారు. బెంజమిన్ పొట్టి మనిషి. వ్యంగ్య చిత్రకారులు ఆ టోపీనే పట్టుకొని, పెద్ద టోపీ క్రింద మునిగిపోయిన చిన్న మనిషిగా నాలుగేళ్ళు బొమ్మలు వేశారు. "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్న సామెత వారికి తెలియదు గాని భావం అదే. ప్రజల ఓట్లలో క్లీవ్‌లాండుకు సుమారు 90,000 ఎక్కువ. ఎలక్టోరల్ ఓట్లలో హారిసన్‌కు 233, క్లీవ్‌లాండుకు 168. 1892లో ఇద్దరూ మళ్ళీ తలపడ్డారు, హారిసన్ ఓడాడు.

ఇంతమాత్రం చూసి ఓటరు వారసత్వాన్ని తిరస్కరించాడని తీర్పు చెప్పటం న్యాయం కాదు. 1824లో ఆరు రాష్ట్రాలలో ప్రజలకు ఓటే లేదు, శాసనసభలే ఎలక్టర్లను ఎన్నుకొన్నాయి. 1888 నాటికి దక్షిణాదిన నల్లవారిని బెదిరించి, అడ్డుపెట్టి ఓటుకు దూరం చేస్తున్నారు. వారు ఓటు వేయగలిగి ఉంటే హారిసన్ పార్టీకే ఎక్కువ పడేవి. కనుక ఆ 90,000 తేడాను యథాతథంగా నమ్మనక్కరలేదు. 2000 సంగతి మనలో చాలామంది టీవీ ముందు కూర్చొని చూసినదే. ఫ్లోరిడాలో 537 ఓట్లు, ఎలక్టోరల్ కాలేజీలో 271కి 266, దేశం మొత్తం మీద గోర్‌కు అయిదు లక్షలకు పైగా ఆధిక్యం. అయితే 2004లో అదే బుష్ ప్రజల ఓట్లలో కూడా నికరంగా గెలిచాడు. ముగ్గురిలో రెండవసారి గెలిచినవాడు ఆయన ఒక్కడే.

రూజ్‌వెల్టులను ఈ లెక్కలో మేము చేర్చలేదు. థియొడోరు, ఫ్రాంక్లిన్ దూరపు దాయాదులు, పార్టీలు కూడా వేరు. అసలు వారసుడు థియొడోరు జూనియరు. ఆయన 1924లో న్యూయార్కు గవర్నరు పదవికి నిలబడితే, ఆయన పెదనాన్న కూతురు కాదుగాని చిన్నాన్న కూతురయిన ఎలినార్, అంటే ఫ్రాంక్లిన్ భార్య, కారు మీద పెద్ద టీపాట్ బొమ్మ పెట్టించుకొని ఆయనకు వ్యతిరేకంగా ఊళ్ళు తిరిగింది. ఆయన ఓడాడు. దాయాదుల వైరం మన భారతానికే పరిమితం కాదు.

ఇక కుర్చీ దాకా రానివారి జాబితా పెద్దది. అధ్యక్షుడు టాఫ్ట్ కుమారుడు రాబర్ట్ టాఫ్ట్ 1940, 1948, 1952లలో పార్టీ టిక్కెట్టు కోసమే ప్రయత్నించి విఫలుడయినాడు. 2016లో జెబ్ బుష్‌కు మద్దతుగా ఒక సంఘం 10 కోట్ల డాలర్లకు పైగా సేకరించింది. ఆయన తన ప్రచార చిహ్నంలో "జెబ్" అని మాత్రమే వేయించుకొని ఇంటిపేరు వదిలేశాడు. అయినా సౌత్ కరోలినా దాటలేదు. అదే ఏడాది హిల్లరీ క్లింటన్ సుమారు 29 లక్షల ఓట్లు ఎక్కువ తెచ్చుకొని ఓడింది. ఆడమ్స్ కథ అద్దంలో చూసినట్లు తిరగబడింది. మరొక వంక 1980 నుండి 2004 వరకు ఏడు ఎన్నికలలోనూ గెలిచిన జంటలో ఒక బుష్ గాని ఒక క్లింటన్ గాని లేని ఎన్నిక లేదు.

ఇంటిపేరు పనిచేసేది ఓటరు దగ్గర కంటే అంతకు ముందు మెట్ల దగ్గర అని మా అభిప్రాయం. డబ్బు ఇచ్చేవారు, పార్టీ పెద్దలు, పత్రికలు - వీరికి పరిచయమున్న పేరు కావాలి. ఓటరు చేతికి వచ్చేసరికి జాబితా చిన్నదయిపోయి ఉంటుంది. అయితే మన రాష్ట్రంలో దీనికి వ్యతిరేకమయిన ఉదాహరణ ఉన్నది. రాజశేఖరరెడ్డి 2009లో మరణించిన తరువాత కాంగ్రెస్ పెద్దలు కుమారునికి ముఖ్యమంత్రి పదవి ఇవ్వలేదు. ఆయన 2011లో వేరే పార్టీ పెట్టుకొన్నాడు. 2019లో ఓటర్లు 175లో 151 స్థానాలు ఇచ్చారు. 2024లో ఆ ఓటర్లే 11కు దించారు.

ఒక విషయం మాత్రం మనబోటివారిని ఇబ్బంది పెట్టేదే. జాన్ కెనడీ అధ్యక్షుడయినప్పుడు ఖాళీ అయిన సెనెటు స్థానంలో ఆయన కాలేజీ స్నేహితుడొకరిని కూర్చోబెట్టారు. తమ్ముడు ఎడ్వర్డ్‌కు రాజ్యాంగం అడిగే 30 ఏళ్ళు నిండే వరకు కుర్చీ కాపలా అన్నమాట. 1962లో ప్రత్యర్థి మెకార్మక్ చర్చా వేదిక మీదే, ఈ ఇంటిపేరు లేకపోతే మీ అభ్యర్థిత్వం నవ్వులాట అయ్యేదని ఎడ్వర్డ్ ముఖాన అన్నాడు. (అన్నాయన స్వయంగా ప్రతినిధుల సభ స్పీకరుగారి సోదరుని కొడుకు!) ఎడ్వర్డ్ సునాయాసంగా గెలిచాడు. వారసత్వానికి ఇంతకంటె పచ్చి ఉదాహరణ దొరకదు.

మూడేళ్ళ తరువాత 1965 వలస చట్టాన్ని సెనెటులో నడిపించినవాడు ఈ కుర్రవాడే. అంతకు ముందు భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా. ఆ 100 కూడా 1946లో తెచ్చినవారిలో ఒకడు ఇమాన్యుయేల్ సెల్లర్ అనే బ్రూక్లిన్ న్యాయవాది. ఆయన 1923 నుండి సభలో ఉండి, నలభై ఏళ్ళు ఆ కోటాలతో పోరాడి, 1965 చట్టానికి తన పేరు ఇచ్చాడు. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఈ గడ్డ మీద అడుగుపెట్టినది ఆ చట్టం వల్లనే. సెల్లర్‌ను 1972లో సొంత పార్టీ ఓటర్లే ప్రైమరీలో ఓడించారు. ఎడ్వర్డ్ కెనడీని మసాచుసెట్స్ ఓటర్లు 2009లో ఆయన చనిపోయేదాకా పంపుతూనే ఉన్నారు. కాని 1980లో అధ్యక్ష పదవికి ప్రయత్నించినప్పుడు ఆయన పార్టీ టిక్కెట్టు కూడా పొందలేకపోయాడు. ఎందుకు అధ్యక్షుడు కాదలచారని టీవీలో అడిగితే తడబడ్డాడు.

1989లో సెనెటులో మరొక వలస బిల్లు పెట్టినవాడూ ఆయనే. దాని మీద 1990 నవంబరు 29న సంతకం చేసినవాడు జార్జి హెచ్. డబ్ల్యు. బుష్, సెనెటరు ప్రెస్కాట్ బుష్ కుమారుడు. మన తరువాత వచ్చిన తెలుగు కుర్రవాళ్ళలో అధికభాగం పట్టుకొని వచ్చిన హెచ్-1బి వీసా ఆ చట్టంలోనిదే.