మాట పడిపోయినవారి చదువు

పక్షవాతం వచ్చి మాట్లాడలేకపోతున్న మనిషిని గురించి మా వెల్దుర్తి వైపు "మాట పడిపోయింది" అంటారు. అతడు చదవగలడా అని విచారించినవారిని మాత్రం నేను చూడలేదు. మాటే పోయాక చదువెక్కడ మిగులుతుందని అందరి ఊహ. వైద్యశాస్త్రం ఈ ఊహను విడిచిపెట్టి నూరేళ్ళు దాటింది.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, "టాన్" అన్న పలుకు తప్ప దాదాపు మరేదీ పలకలేని రోగి మెదడులో ఎడమవైపు ముందుభాగం దెబ్బతిన్నదని చూపించాడు. ఇలా భాష దెబ్బతినడమే అఫేసియా. 1892లో జూల్ డెజెరీన్ వర్ణించిన రోగి ఇంకా విచిత్రం. అతడు చక్కగా మాట్లాడతాడు, రాస్తాడు. తాను రాసినదాన్ని తానే చదవలేడు. అంకెలను గుర్తుపడతాడు. అక్షరం ఆకారాన్ని వేలితో దిద్దితే అదేమిటో చెప్పగలడు! మాట నిలిచి చదువు పోవచ్చు. మాట పోయినా కొంత చదువు నిలవవచ్చు.

ఆ తర్వాతి సిద్ధాంతాలలో అధికభాగం ఐరోపా భాషల రోగులను చూసి కట్టినవే. అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలిచే లిపులవి. కొరియా లిపి అలా కాదు. సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించిన హంగుల్‌లో ఒక్కొక్క పలుకునూ ఒక గడిగా, పక్కనా కిందా పేర్చి రాస్తారు. ఒత్తులు రాసే మనకు ఇది వింత కాదు. (మాచర్ల దాటితే వచ్చే నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల బ్రాహ్మీ శాసనాలలోనూ సంయుక్తాక్షరాన్ని కిందికే పేర్చారు.)

కొరియన్‌లో గుక్ అంటే చారు, ముల్ అంటే నీళ్ళు. రెండూ కలిపి గుక్‌ముల్ అని రాసి గుంగ్‌ముల్ అని పలుకుతారు. గడి తర్వాత గడి కూడబలుక్కుంటే చాలదు, పక్కగడినీ చూడాలి. రోగి పదాన్ని మొత్తంగా గుర్తిస్తున్నాడా, ముక్కలుగా చదువుతున్నాడా అన్నది ఇటువంటి పదాల దగ్గర బయటపడుతుంది. 2002లో అక్కడి వైద్యులు ప్రకటించిన ఒక రోగికి ఎడమ కణత భాగపు అడుగున, వెనుకవైపు రక్తప్రసారం ఆగి చీనా లిపి చదవడం, రాయడం పోయాయి, హంగుల్ నిలిచింది. ఒకే మనిషి, ఒకే భాష, రెండు లిపులు!

మరి మన సంగతి? తెలుగుకు తోబుట్టువైన కన్నడంలో, ఇంగ్లీషు కూడా తెలిసిన ఒక రోగి చదువు పోవడాన్ని గురించి ప్రతిభా కారంత్ 1981లోనే రాశారు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రకటించింది. అయితే రెండు భాషలు తెలిసి ఉండడం మెదడుకు మేలు చేస్తుందా అన్నది వారి ప్రశ్న, అక్షరం కాదు.

అక్షరం దగ్గరే మనకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. "లక్ష్మి" రాసి చూడండి. చివర పలికే ఇకారానికి గుడి "క" నెత్తిన కూర్చుంటుంది. దాని కంటే ముందు పలకవలసిన "మ" ఒత్తుగా కిందికి దిగుతుంది. కన్ను చూసే వరుస వేరు, నాలుక పలికే వరుస వేరు. ఇంగ్లీషు పదాల పట్టికను అనువదించి మన రోగి ముందు పెడితే అతడు ఒత్తు దగ్గర ఆగాడో, గుడి దగ్గర తప్పాడో తేలుతుందా? ఒత్తులున్న పదాలు, లేనివి, గుణింతం మాత్రమే మారేవి విడివిడిగా చదివించాలని నా అభిప్రాయం.

బ్రోకా రకపు అఫేసియాలో చాలామందికి విభక్తుల వంటి చిన్నమాటల కంటే వస్తువుల పేర్లు చదవడం తేలిక. కనుక ఇంట్లో అటువంటి మనిషి ఉంటే నీళ్ళు, మందు, నొప్పి, దుప్పటి అని నాలుగు అట్టముక్కల మీద పెద్దగా రాసి ముందు పెట్టి చూడవచ్చు. కుడిచేయి పడిపోయినా ఎడమచేత్తో చూపిస్తాడు.