‘తొషి ఒ తొరు’: జపాను భాషలో వార్ధక్యభావన – చారిత్రక పరిశీలన

వార్ధక్యం దేహధర్మం. దానిని వ్యక్తంచేసే పలుకుబడి మాత్రం ఆయా సమాజాల కాలగణనతో ముడిపడి ఉంటుంది. తెలుగులో వయస్సు ‘పైబడుతుంది’. మనిషి ఆ భారాన్ని మోసేవాడు. జపాను భాషలో ముసలివారు కావడాన్ని ‘తొషి ఒ తొరు’ అంటారు. ‘తొషి’ అనగా సంవత్సరం, వయస్సు. ‘ఒ’ ద్వితీయావిభక్తి ప్రత్యయం వంటిది. ‘తొరు’ అనగా తీసుకొను. ఇక్కడ మనిషే కర్త, ఏడు కర్మ. ఈ ప్రయోగానికి ఆధారమైన జీవనవిధానమేదో, అది మారిన తరువాత ఏం జరిగిందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

ఇదే భావానికి మరి రెండు క్రియలున్నాయి. ‘ఒయిరు’ (ప్రాచీనరూపం ‘ఒయు’) వృద్ధాప్యం పొందడాన్ని చెప్పే పాతమాట. నేడు దానికి గ్రాంథికచ్ఛాయ ఉంది. ‘ఫుకెరు’ పైకి కనిపించే ముసలితనానికి చెందినది. వయస్సుకు మించి ముదిరినట్లు కనిపించేవారికీ వర్తిస్తుంది. ఈ రెండూ మనిషి స్థితిని చెబుతాయి. ‘తొషి ఒ తొరు’ కాలంతో మనిషికి గల సంబంధాన్ని చెబుతుంది.

‘తొషి’కి ప్రాచీనభాషలో ధాన్యం, ముఖ్యంగా వరిపంట, అనే అర్థం ఉంది. 927లో పూర్తయిన ‘ఎంగిషికి’లోని ‘తొషిగొయి’ ఉత్సవప్రార్థన పంట కోసం చేసేదే. పంట, ఏడు, ఈడు అనే మూడర్థాలు ఒకే పదంలో ఇమిడాయి. వయోగణన కూడా దీనికి తగినట్లే ఉండేది. ‘కజొయెదొషి’ పద్ధతిలో పుట్టిన శిశువుకు ఒక ఏడు. కొత్త సంవత్సరం రాగానే అందరికీ ఒక్కొక్క ఏడు చేరుతుంది. ఏటి చివరిదినాన పుట్టిన శిశువుకు మరునాడే రెండేళ్లు. అంటే వయస్సు ఎవరికి వారు విడిగా లెక్కించుకొనేది కాదు. ఇల్లూ ఊరూ ఒకేనాడు ఏటిని ‘తీసుకొనేవి’.

అరవయ్యేళ్ల ‘కన్‌రెకి’ కూడా కాలచక్రానికి చెందినదే. చైనా నుండి వచ్చిన షష్టిచక్రం పూర్తయి జన్మసంవత్సరనామం మళ్లీ వస్తుంది. శిశుత్వానికి గుర్తుగా ఎర్రని పైవస్త్రం తొడుగుతారు. ప్రభవాది అరవై సంవత్సరాల ఆవృత్తి తెలిసిన మనకు, షష్టిపూర్తి దృష్ట్యా, ఈ భావన సుపరిచితమే.

1902 నాటి చట్టం పుట్టినరోజును ఆధారంగా చేసుకొన్నా లోకవ్యవహారం మారలేదు. 1949లో చేసి 1950 జనవరి 1 నుండి అమలుపరచిన మరో చట్టం, వయస్సును నిండిన ఏళ్లలో చెప్పవలసిందిగా ప్రజలను ప్రోత్సహించింది. క్రమంగా వయస్సు వ్యక్తిగతమైంది. పలుకుబడి మాత్రం మిగిలింది.

వృద్ధులను పిలిచే పేర్లపై పాలకుల దృష్టి కూడా ఈ కాలంలోనే పడింది. 1951లో ‘తొషియొరి’ దినం జాతీయస్థాయికి వచ్చింది. 1963 నాటి సంక్షేమచట్టం ‘రోజిన్’ అనే పదాన్ని స్వీకరించింది. 1966లో ఆ దినం ‘కెయిరో’ (వృద్ధగౌరవ) దినంగా జాతీయ సెలవుదినమైంది. తరువాత అధికారభాషలో ‘కోరెయిష’ (అధికవయస్కులు) స్థిరపడింది. 2008 ఏప్రిల్‌లో 75 ఏళ్లు దాటినవారికి ‘కోకి కోరెయిష’ (ఉత్తరదశ వృద్ధులు) పేరిట వేరు వైద్యవిధానం రాగా తీవ్రవిమర్శ చెలరేగింది. ప్రభుత్వం వెంటనే ‘దీర్ఘాయువు’ అనే అర్థం గల వ్యవహారనామాన్ని ప్రకటించింది. చట్టంలోని పేరు మారలేదు.

ఈ విమర్శను కేవలం పదంపై అయిష్టంగా చూడరాదు. ‘తొషి ఒ తొరు’లో శిశువూ వృద్ధుడూ ఒకే వరుసలో నిలిచి ఏటిని అందుకొంటారు, ‘కోకి కోరెయిష’ ఆ వరుసను 75 వద్ద తెంచుతుంది. పేరును మృదువుగా మార్చినంత మాత్రాన ఆ తెగినచోటు అతకదు.