మరి ఆ పంచాయతీలు ఏవీ?

ఢిల్లీ. 1948 నవంబర్ 4. చలి మొదలవుతున్న రోజులు.

రాజ్యాంగ సభ కొలువుదీరిన గుండ్రటి హాలు. పైనుంచి వేలాడుతున్న దీపాలు. పచ్చ తివాచీ పరిచిన మెట్ల మీద అర్ధచంద్రాకారంలో బల్లలు. చలికి చేతులు కొంకర్లు పోకుండా ఆ బల్లల్ని కరెంటుతో వెచ్చబెట్టే ఏర్పాటు కూడా చేశారు. డాక్టర్ అంబేద్కర్ లేచారు. 315 అధికరణలు, 8 షెడ్యూళ్లున్న ముసాయిదా రాజ్యాంగాన్ని సభ ముందు పెట్టారు. వచ్చిన విమర్శల్లో ఒక్కొక్కదానికీ జవాబిస్తూ వచ్చారు. అలా ఊళ్ల సంగతి దగ్గరికొచ్చారు.

రాజ్యాంగాన్ని గ్రామ పంచాయతీల మీద ఎందుకు కట్టలేదని అడిగినవాళ్లకు ఆయన జవాబు చురుక్కున తగిలింది. అసలు ఊరంటే ఏమిటన్నారు. సంకుచితత్వం కుళ్లిన గుంట అన్నారు. అజ్ఞానానికీ మతతత్వానికీ నెలవు అన్నారు. ముసాయిదా ఊరిని పక్కనపెట్టి వ్యక్తినే ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమన్నారు.

ఆ మాట గుచ్చుకున్న సభ్యుల్లో ఒకాయనది తిరుచానూరు.

మాడభూషి అనంతశయనం అయ్యంగార్. వయసు 57. పద్మావతి అమ్మవారు కొలువైన ఊళ్లో, పద్మసరోవరం ఉన్నచోట, స్వర్ణముఖి పారే నేల మీద 1891 ఫిబ్రవరి 4న పుట్టారు. తిరుపతి దేవస్థానం హైస్కూల్లో చదివి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో బి.ఏ. చేసి, లా పాసై, కొన్నాళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, 1915లో చిత్తూరులో వకీలుగా బోర్డు పెట్టి, గాంధీ పిలుపుతో 1921లో ఏడాదిపాటు కోర్టు మెట్లెక్కడం మానేసి, 1940లో ఒకసారి, క్విట్ ఇండియాలో ఇంకోసారి జైలుకు వెళ్లొచ్చిన మనిషి. 1934లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టారు. తెల్లవాళ్ల సర్కారును ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేశారు. ఓ యూరోపియన్ పత్రిక ఆయనకు ‘ఎండెన్’ అని పేరు పెట్టింది. 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక పేరది!

ఆ ఎండెన్ ఇప్పుడు ఎటు గురిపెడుతుంది?

తలుపు అప్పటికే ఒకసారి మూసుకుంది. రాజ్యాంగంలో పంచాయతీల ఊసే లేదని తెలిసి గాంధీ 1947 డిసెంబర్‌లో ‘హరిజన్’ పత్రికలో రాశారు. వెంటనే సరిచేయాల్సిన లోపమన్నారు. మరుసటి నెల 30న ఆయన హత్య జరిగింది. 1948 మే నెలలో సభాధ్యక్షుడు రాజేంద్రప్రసాద్ ఇదే విషయం రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావును అడిగారు. ఇంత దూరం వచ్చాక పునాది మార్చడం కష్టమని రావు తేల్చేశారు. ముసాయిదా అలాగే సభకు వచ్చింది. ఊరు బయటే ఉండిపోయింది.

నవంబర్ 5. చర్చ భగ్గుమంది. హెచ్.వి. కామత్ లేచి, ఇది పట్నం మేధావుల ధోరణి అని అంబేద్కర్ మీద విరుచుకుపడ్డారు. తర్వాత రోజుల్లో మన ఎన్.జి. రంగాగారూ ఊళ్ల పక్షానే నిలిచారు. కోపం చాలామందికి వచ్చింది. కోపంతో ఓట్లు రావు. అంబేద్కర్‌ను కదిలించాలంటే ఆయన ఏం చూసి ఆ మాటన్నారో కూడా తెలియాలి. మహద్‌లో ఊరి చెరువు నీళ్లు తాగడానికి 1927లో సత్యాగ్రహం చేయాల్సి వచ్చిన మనిషాయన. వెలివాడ నుంచి చూస్తే ఊరు ఎలా కనిపిస్తుందో ఆ హాల్లో ఆయనకు తెలిసినంతగా ఎందరికి తెలుసు? ఊరు గొప్పదని ఎంత గొంతు చించుకున్నా ఆయన ముందు ఆ వాదన నిలిచేది కాదు.

అయ్యంగార్ వంతు వచ్చింది.

ముందు బాధ చెప్పుకున్నారు. అంబేద్కర్ అంతటివారు ఊళ్లను అలా తీసిపారేయడం బాధగా ఉందన్నారు. అందులో వెటకారం లేదు, తిట్టు లేదు. ఆ వెంటనే ప్రజాస్వామ్యం సంగతి ఎత్తుకున్నారు. ఎప్పుడో ఒకనాడు జనాన్ని పోగేసి, ఫలానావాళ్లను ఫలానా సభకు ఎన్నుకోమని చెప్పి, ఓటు పడగానే ఎవరిదారిన వాళ్లను పంపేస్తే అది ప్రజాస్వామ్యమా అని నిలదీశారు. మనిషన్నవాడి మాటకు విలువ రావాలంటే చిన్నదో పెద్దదో ఓ సమూహంలో అతను సభ్యుడై ఉండాలి. ఒంటరి వ్యక్తి కన్నా ఊరే మంచి ప్రమాణం. ఇదీ ఆయన వాదం.

సభ వింది. ఇక మిగిలింది ఒకటే. రాజ్యాంగాన్ని మొత్తం విప్పేసి ఊరి మీద మళ్లీ కట్టమని అడగడం. ఊళ్ల పక్షాన నిలిచినవాళ్లు ఎదురుచూసే మాట అదే.

ఆయన ఆ మాట అడగలేదు.

ఎదుటివాళ్లు వేయాల్సిన ప్రశ్నను తనే వేసుకున్నారు. మన గురి పంచాయతీలేనని ఒప్పుకుంటూనే, మరి ఆ పంచాయతీలు ఇప్పుడు ఎక్కడున్నాయని సభలోనే అడిగారు. లేవు. ముందు వాటిని పుట్టించాలి. ఉన్న పరిస్థితుల్లో ఇంతకన్నా మెరుగైన రాజ్యాంగం కుదరదని కూడా అనేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. వినేవాళ్లను ఒప్పించడానికి మూడు దారులున్నాయని అరిస్టాటిల్ 2300 ఏళ్ల కిందట చెప్పాడు. మాట్లాడేవాడి నడవడి మీద నమ్మకం ఒకటి. వినేవాడి గుండెను తాకడం రెండోది. మాటలోని యుక్తి మూడోది. అయ్యంగార్‌కు మొదటిది జైళ్లలో, కోర్టుల్లో వచ్చింది. రెండోది ఊరిచ్చింది. చాలామంది ఆ రెండింటితోనే సరిపెట్టుకుంటారు. చప్పట్లు కొట్టించుకుంటారు, ఓడిపోతారు. తన వాదంలోని బోలుతనాన్ని తనే సభ ముందు పరిచిన మనిషి మాటను కొట్టిపారేయడం మాత్రం ఎవరికైనా కష్టం. నా దృష్టిలో ఆ ఉపన్యాసం మొత్తానికీ ప్రాణం ఆ ఒప్పుకోలే.

ఆ తర్వాత అడగాల్సినంతే అడిగారు. ఆదేశిక సూత్రాల్లో ఒక్క నిబంధన చేర్చండి. రేపు ఏ ప్రభుత్వం వచ్చినా గ్రామ పంచాయతీలు పెట్టాలి, వాటికి రాజకీయ స్వేచ్ఛా ఆర్థిక స్వేచ్ఛా ఇవ్వాలి. అంతే.

నిర్ణయం అంబేద్కర్ చేతిలో ఉంది.

నవంబర్ 22. అధ్యక్ష స్థానంలో హెచ్.సి. ముఖర్జీ. మద్రాసు ప్రాంతం నుంచే వచ్చిన కె. సంతానం లేచి సవరణ పెట్టారు. ముసాయిదాలో 31-ఏ అని కొత్త అధికరణ. రాజ్యం గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయాలి, స్వపరిపాలన సాగించడానికి కావాల్సిన అధికారాలు వాటికివ్వాలి. కొద్దిరోజుల ముందు తిరుచానూరు వకీలు సూచించిన దారి ఇదే. హాలంతా అంబేద్కర్ వైపు తిరిగింది.

ఆయన లేచారు. ఉపన్యాసం లేదు, ఎదురువాదం లేదు.

“సవరణను అంగీకరిస్తున్నాను.”

టంగుటూరి ప్రకాశం ఆనందం పట్టలేకపోయారు. లేచి అభినందించారు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. సవరణ గెలిచింది. ఈ గెలుపు అయ్యంగార్ ఒక్కరిదే కాదు. సంతానం, ప్రకాశం, రంగా, కామత్, కన్నుమూసిన గాంధీ, అందరిదీ. కానీ ఆ హాలు ఒప్పుకోగలిగిన కొలతకు కోరికను కత్తిరించి ఇచ్చినవాళ్లలో ఆయన ముందున్నారు. పట్టు సడలించిన అంబేద్కర్ పెద్దమనసునూ ఇక్కడే చెప్పుకోవాలి.

31-ఏ చివరికి 40వ అధికరణ అయింది. 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు వెళ్లిన అయ్యంగార్ 1956 మార్చిలో స్పీకర్ కుర్చీ ఎక్కారు. తర్వాత బీహార్ గవర్నర్ అయ్యారు. 1978 మార్చి 19న కన్నుమూశారు. అప్పటికీ 40వ అధికరణ ఆదేశంగానే ఉంది. పాటించకపోతే అదేమని అడగడానికి కోర్టుకు అధికారం లేదు. ఆంధ్రప్రదేశ్ 1959లో మూడంచెల పంచాయతీరాజ్ తెచ్చినా, ఎన్నికలు పెట్టడమా మానడమా అన్నది ప్రభుత్వాల ఇష్టంగానే నడిచింది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చింది. ఐదేళ్లకోసారి పంచాయతీ ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి. దళితులకు, గిరిజనులకు జనాభాను బట్టి సీట్లు. మూడోవంతుకు తగ్గకుండా మహిళలకు సీట్లు. అయ్యంగార్ కోరిన ఊరూ, ఆ ఊరంటే అంబేద్కర్‌కున్న భయానికి జవాబూ ఒకే చట్టంలో పక్కపక్కనే చేరాయి. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభలో సభ్యులే. మీ ఊళ్లో ఈసారి గ్రామసభ అని చాటింపు వినబడితే ఇంట్లో కూర్చోకండి. వెళ్లండి. లేచి నిలబడి అడగండి.