కంప్యూటరు మెమరీ ధరల హెచ్చుతగ్గులు: చారిత్రక పరిశీలనము

యంత్రములతో తయారగు వస్తువుల ధర కాలక్రమమున తరుగుచు వచ్చుట లోకమెరిగిన విషయమే. కంప్యూటరు మెమరీ ధరయు అట్లే తరిగినది. 1970 ప్రాంతమున ఒక బిట్టునకు సెంటు వంతున పలికిన సరకు నేడు లక్షలకొలది బిట్లు కలసినను సెంటు చేయదు. కాని ఆ తరుగుదల నున్నని వాలుగా సాగలేదు. ఒక యేట ధర సగమునకు పడిపోవును. మరి రెండేండ్లకు రెట్టింపగును. దీనికి అగ్నిప్రమాదములు, భూకంపములు, వర్తకుల కుట్రలు కారణములని పత్రికలు వ్రాయుచుండును. అవి జరుగకపోలేదు. అయినను అర్ధశతాబ్దపు చరిత్రను వరుసగా చూచినచో, ఒకనాటి ధరకు మూలము అంతకు రెండు మూడేండ్ల ముందు ఫ్యాక్టరీలు కట్టుటకు చేసిన, లేక మానిన, నిర్ణయములందే కలదని తేటపడును.

1950, 60 దశకములలో మెమరీ యనగా ఫెర్రైట్ అను ఇనుప సమ్మేళనపు చిన్న ఉంగరములను సన్నని తీగెలతో అల్లిన వల. ఈ అల్లకమును ఎక్కువగా స్త్రీలు చేతులతోనే చేసెడివారు. ఐ.బి.ఎమ్. సంస్థలోని రాబర్ట్ డెన్నార్డ్ ఒక్క ట్రాన్సిస్టరుతో, విద్యుత్తును నిలుపు ఒక్క కెపాసిటరుతో ఒక బిట్టును భద్రపరచు పద్ధతిని కనిపెట్టి 1968లో పేటెంటు పొందెను. ఈ తరహా మెమరీకే డీర్యామ్ అని పేరు. 1970లో ఇంటెల్ సంస్థ 1,024 బిట్లు పట్టు 1103 అను చిప్పును అంగడికి తెచ్చెను. ఉంగరముల కాలము అంతటితో ముగియసాగెను.

ఈ చిప్పుల కొక విశేషము కలదు. అవి ఒకే ప్రమాణమునకు లోబడి తయారగును. ఒక సంస్థ చిప్పు స్థానమున మరియొక సంస్థ చిప్పు నమర్చినను కంప్యూటరు పని చేయును. కావున కొనువాడు పేరును గాక ధరను చూచును. ఎంత సూక్ష్మమైన పనితనముతో తయారైనను, అంగడిలో ఇది ధాన్యమువంటి సరకు. ఫ్యాక్టరీ కట్టి యంత్రములు నిలుపుటకు రెండు మూడేండ్లు పట్టును. నేటి లెక్కలో అందుకు వందల కోట్ల డాలర్లు కావలెను. సిలికాన్ పలక లోపల ప్రవేశించి చిప్పులై వెలువడుటకే సుమారు మూడు నెలలు. యంత్రములు ఊరక నిలిచినను వాటి వడ్డీ, తరుగుదల ఆగవు. అందుచేత ధర పడినను, రోజువారీ ఖర్చు గిట్టుబాటైనంతవరకు ఉత్పత్తిని సాగించుచునే యుందురు. ధర పెరిగినప్పుడు పెంచుదమన్నను వెంటనే పెంచజాలరు. ఒక యేడు మిరపకు మంచి ధర పలికినచో మరుసటి యేడు ఊరంతయు మిరపయే వేసి నష్టపోవుట తెలుగు రైతున కనుభవమే. ఇట్టి చక్రమును అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు మొర్డెకై ఎజెకియల్ 1938లో సాలెగూటి సిద్ధాంతమను పేర వివరించెను. మిరపచేను మరుసటి యేటికి మార్చవచ్చును. చిప్పుల ఫ్యాక్టరీ నట్లు మార్చుట కుదరదు.

ఈ చక్రము తన బలమును పూర్తిగా చూపినది 1980 దశకమున. జపాను ప్రభుత్వము 1976 నుండి 1980 వరకు ఐదు పెద్ద సంస్థలను కూడగట్టి చిప్పుల పరిశోధన సాగించెను. అరువదినాలుగు కిలోబిట్ల చిప్పు నాటికి ప్రపంచపు అంగడిలో పెద్దపాలు జపానుదే. 1983, 84లలో చిన్న కంప్యూటర్లకు గిరాకి పెరుగగా అందరును ఫ్యాక్టరీలు కట్టిరి. 1985లో గిరాకి సన్నగిల్లెను. కట్టినవన్నియు ఉత్పత్తి నారంభించెను. ధరలు కూలిపోయెను. మెమరీకై పుట్టిన ఇంటెల్ సంస్థయే ఆ యేట డీర్యామ్ వ్యాపారమును విడువ నిశ్చయించెను. ఆ నిర్ణయము తమకెంత బాధ కలిగించెనో ఆండ్రూ గ్రోవ్ పిమ్మట గ్రంథస్థము చేసెను.

1986లో అమెరికా, జపానులు ఒప్పందము చేసికొని, జపాను చిప్పులను న్యాయమైన వెలకంటె తక్కువకు అమ్మరాదని నిర్ణయించెను. జపాను సంస్థలు ఉత్పత్తిని తగ్గించెను. ఇంతలో గిరాకి తిరిగి లేచెను. 1988లో చిప్పులు దొరకక అమెరికా కంప్యూటరు తయారీదారులే హెచ్చు వెల చెల్లింపవలసి వచ్చెను. తమ దేశపు సంస్థలను కాపాడుటకు చేసిన ఈ ఒప్పందమువలన మిక్కిలి లాభించినది కొరియా యని చెప్పుట తప్పు కాదు. సామ్‌సంగ్ అధిపతి లీ బ్యుంగ్-చుల్ 1983లో మెమరీ తయారీ ఆరంభించి, ధరలు కూలిన దినములలో నష్టము భరించుచు ఫ్యాక్టరీలు కట్టించుచునే యుండెను. 1987 నవంబరులో ఆయన మరణించెను. లాభములు ఆ మరుసటి యేట వచ్చినవి. 1992 నాటికి ఆ సంస్థ డీర్యామ్ తయారీలో ప్రపంచమున మొదటి స్థానము నాక్రమించెను.

ప్రమాదముల ప్రభావ మెంతయో కూడ ఇట చూడవలెను. 1993 జూలైలో జపానులోని నీహమా పట్టణమున సుమిటొమో రసాయన కర్మాగారము పేలిపోయెను. చిప్పులపై పూతకు వాడు మేలిరకపు ఎపాక్సీ రెసిన్‌లో సగమునకు మించిన భాగము అచటినుండియే వచ్చెడిది. ధర ఒక్కుమ్మడి ఎగసి, సరకు నిలువలున్నవని తేలగానే చల్లబడెను. 1996లోనో, ఏ ప్రమాదమును లేకయే, పదునారు మెగాబిట్ల చిప్పు సుమారు 50 డాలర్లనుండి 10 డాలర్ల దరికి దిగెను. అంతకు ముందటి మంచి రోజులలో కట్టిన ఫ్యాక్టరీలే దానికి కారణము. కుట్ర లేదనుటకును వీలులేదు: ధరలను కూడబలుకుకొన్న నేరమునకు సామ్‌సంగ్ 2005లో అమెరికాలో 30 కోట్ల డాలర్ల జుల్మానా నంగీకరించెను. అట్లు కూడబలుకుకొన్న కాలముననే, 2001లో, ధరలు ఘోరముగా పడిపోయినవి.

ప్రతి పతనమునందును కొందరు రాలిరి. జర్మనీలోని కిమోండా 2009లోను, జపానులో మిగిలిన ఒక్క డీర్యామ్ సంస్థ ఎల్పిడా 2012లోను దివాలా తీసెను. సామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్ అను మూడు సంస్థల చేతికే అంగడి చిక్కగా, ఇక హెచ్చుతగ్గులు సద్దుమణగునని పలువురు తలచిరి. అట్లు జరుగలేదు. 2018 నాటి ఉచ్చస్థితికి పిమ్మట, 2023లో ఒక్క సామ్‌సంగ్ చిప్పుల విభాగమే దాదాపు 15 లక్షల కోట్ల వాన్‌ల నష్టము పొందెను. ఆ నష్టకాలమున మూడు సంస్థలును ఉత్పత్తిని తగ్గించెను. అంతలో కృత్రిమ మేధకై పొరలు పొరలుగా పేర్చిన హెచ్.బి.ఎమ్. అను మెమరీకి గిరాకి ముంచుకొని వచ్చెను. ఆ రకమున ఒక బిట్టునకు సామాన్యపు రకముకంటె సుమారు మూడింతల సిలికాన్ పలక కావలెను. కావున సామాన్యపు మెమరీకి చోటు కరవైనది. 2025 చివర ధరలు వేగముగా పెరిగెను. ఆ డిసెంబరులో మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరిట గృహస్థులకు అమ్ముచుండిన మెమరీ వ్యాపారమును విరమింతునని ప్రకటించెను. అప్పటికే అమెరికాలోని ఐడహో రాష్ట్రమునను, కొరియాలోని యోంగిన్ నగరమునను కొత్త ఫ్యాక్టరీల నిర్మాణము సాగుచుండెను; వాటిని 2027లో నడుపనారంభింపవలెనని ఆ సంస్థల సంకల్పము.