రంగంలో కూలి తగ్గించిందెవరు?

వలసొచ్చినోళ్లు స్థానికుల కూలి పడగొడతారన్నది పాతమాటే. 1930 నాటి రంగూన్ చరిత్ర ఈ మాటను నిలదీస్తుంది. కోస్తా జిల్లాల నుంచి 'రంగం' పోయి ఓడలకు సరుకెత్తిన తెలుగు కూలీల్లో దళితులు చాలామంది. బర్మావాళ్లు వీళ్లను 'కోరంగీలు' అన్నారు. మేస్త్రీ బయానా అప్పుకింద నలిగిన ఈ కూలీలే ఆ ఏడు మే నెలలో కూలి పెంచమని సమ్మె కట్టారు. రేవు కాంట్రాక్టర్లు వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె రాజీ కాగానే బర్మా కూలీలను వెళ్లగొట్టారు. మే 26న రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలే.

కూలి పెంచమన్నది వలసోడు. పని పోగొట్టుకున్నది స్థానికుడు. ఇద్దర్నీ ఒకరిమీదికొకర్ని ఉసిగొల్పి లాభపడిందెవరు? జాతుల కొట్లాట అని రాసి సరిపెట్టే చరిత్రను మనం అడగాల్సిన ప్రశ్న ఇదే.