డెవాన్ వీధిలో సున్నా డిగ్రీలు

దుకాణం తలుపు నీ వెనక మూసుకుంటుంది. బయటి గాలి ముక్కులోకి వెళ్లగానే లోపలి వెంట్రుకలు బిరుసెక్కి గుచ్చుకుంటాయి. కళ్లలో నీళ్లు తిరిగి రెప్పలు అతుక్కుంటున్నాయి. కాళ్ల కింద రోడ్డుమీద చల్లిన ఉప్పు కరకరలాడుతోంది.

ఇది షికాగో. జనవరి నెల. సంక్రాంతి ఇంకో రెండు రోజులుంది. సంచిలో సోనా మసూరి బియ్యం, బెల్లం, కందిపప్పు, పైన కరివేపాకు. నీ యూనివర్సిటీ ఊరికి దక్షిణాన, మన సరుకులు దొరికే ఈ డెవాన్ వీధి ఉత్తరాన. రెడ్ లైన్ రైల్లో లయోలా దాకా వచ్చి, అక్కడ బస్సెక్కి ఇక్కడ దిగావు. బయల్దేరేముందు ఫోన్‌లో వాతావరణం చూశావు. సున్నా అని ఉంది. లంబసింగిలో కూడా సున్నాకి దగ్గర పడుతుందిగా అనుకున్నావు. కానీ ఇక్కడి ఫోన్లు చూపేది ఫారెన్‌హీట్. ఆ సున్నా మన లెక్కలో మైనస్ 18.

అదిగో, నువ్వు ఎక్కాల్సిన బస్సు! సంచి పట్టుకుని పరుగెత్తుతావు. వెనక ఎర్రలైట్లు దూరమైపోతాయి.

తర్వాతి బస్సు ఎప్పుడో చూద్దామని గ్లవుజు తీస్తావు. 22 నిమిషాలట. అంతలో తెర నల్లబడుతుంది. సగం పైగా చార్జింగ్ ఉన్న ఫోన్ ఇలా ఆగిపోయిందేమిటి? ఇంత చలిలో బ్యాటరీ కరెంటు సరిగా ఇవ్వలేదు. ఫోన్‌ని లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలని నీకెవరూ చెప్పలేదు.

లయోలా స్టేషన్‌కి నడిస్తే అరగంట. నడుద్దామా? గాలి గంటకి 24 కిలోమీటర్ల వేగంతో కొడుతోంది. ఆ గాలి తోడైతే మైనస్ 18 ఒంటికి మైనస్ 28లా తగులుతుంది. అందులో కప్పుకోని చర్మం గడ్డకట్టడానికి అరగంట చాలు. నీ చెవులు బయటే ఉన్నాయి. కాళ్లకి నూలు మేజోళ్లు, ఊళ్లో కొన్న కాన్వాస్ బూట్లు.

నిలబడతావు. వేళ్లు మండుతున్నాయి. బూట్లలో కాలివేళ్లు ముడుస్తావు, చాపుతావు. సంచి చేయి మారుస్తావు. కరివేపాకు అప్పుడే నల్లబడుతోంది.

ఎదురుగా కాఫీ కొట్టు ఉంది. ఏమీ కొనకుండా లోపల కూర్చుంటే ఏమనుకుంటారో! కొందామంటే డాలర్లు రూపాయల్లోకి మారి కళ్లముందు నిలుస్తాయి. నాన్న కడుతున్న వడ్డీ గుర్తొస్తుంది. ఇంకొంచెంసేపు ఓర్చుకుందాం అనుకుంటావు.

వేళ్ల మంట తగ్గుతుంది.

హాయిగా ఉంది. అలవాటు పడ్డాననుకుంటావు.

కాదు. చూపుడువేలిని పళ్లతో నొక్కి చూడు. తెలియడం లేదు. ఇంకోసారి. తెలియదు. కొస పాలిపోయింది.

మొద్దుబారింది.

ఇక ఆగకు. పక్కన లాండ్రీ షాపులో లైటు వెలుగుతోంది. నీ దగ్గర ఉతికే బట్టలు లేవు. అయినా తలుపు తోసెయ్. ఇప్పుడే.

వెచ్చని గాలి ముఖాన తగులుతుంది. డ్రయ్యర్లు తిరుగుతున్నాయి. దుప్పటి మడతపెడుతున్న ఒక పెద్దావిడ తలెత్తుతుంది. ఏం కావాలని అడుగుతుందేమోనని గుండె దడదడలాడుతుంది. ఆవిడ నీ చేతుల వైపు చూస్తుంది.

"ఇలా కూర్చో అమ్మా. రుద్దకు. చంకల్లో పెట్టుకో."

రుద్దితే గడ్డకడుతున్న చర్మం ఇంకా చెడుతుంది. పెట్టుకుంటావు. కొద్దిసేపటికి సూదులు గుచ్చినట్టు నొప్పి మొదలవుతుంది. అరవాలనిపిస్తుంది. మంచిదే. రక్తం తిరిగొస్తోంది. కొస ఎర్రబడుతోంది. పరాయిదేశంలో మన పిల్లల్ని చలి ఒక్కటే కాదు, ఈ మొహమాటం కూడా బాధపెడుతుంది. తెరిచి ఉన్న తలుపు ముందే నిలబెట్టేస్తుంది.

జేబులో వెచ్చబడ్డ ఫోన్ దానంతట అది వెలగదు. బటన్ నొక్కితే లేస్తుంది. వెంటనే మోగుతుంది. రూమ్‌లో ఉండే వరంగల్ సీనియర్.

"ఏడున్నవ్? ఫోన్ ఎందుకు బంద్ అయింది?"

చెప్తావు. అవతల ఒక్క క్షణం మాట లేదు.

"బస్సొచ్చేదాంక బయటికి రాకు. ఇంటికొచ్చినంక చేతులు మరిగే నీళ్లల్ల పెట్టకు, హీటర్‌కి ఆనించకు. మొద్దుబారిన తోలు కాలినా తెల్వది. గోరువెచ్చని నీళ్లు చాలు. అన్నం వండి పెడత."

సరేనన్నా అంటావు. బస్సుకి ఇంకా తొమ్మిది నిమిషాలు. పెద్దావిడ మోకాళ్లు దాటే కోటు వేసుకుంటోంది. గొంతు సర్దుకుని అడుగుతావు: "ఆ కోటు ఎక్కడ కొన్నారండీ?"

ఆవిడ నవ్వి, వాడిన బట్టలమ్మే ఒక దుకాణానికి దారి చెబుతుంది. బూట్లు మాత్రం కొత్తవే కొనుక్కో, లోపల ఉన్ని మేజోళ్లు పట్టేలా ఒక సైజు పెద్దవి తీసుకో అంటుంది. దుకాణం ఆదివారం కూడా తెరిచే ఉంటుందా అని మళ్లీ అడుగుతావు.